ఆకు రాలే నెల చూసి చెట్టు ఎంచుకోండి

ఇంటి ముందో కాలనీ పార్కులోనో చెట్టు పెట్టాలనుకున్నవాళ్ళు నర్సరీలో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ‘ఏది తొందరగా పెరుగుతుంది?’ హైదరాబాద్‌లోని నాగోల్ లాంటి చోట ఈ తొందరను తప్పు పట్టలేం. 2017 నవంబరులో మెట్రో వచ్చాక కాలనీలు మరింత కిక్కిరిశాయి. మేడలు ఏడాదిలో లేస్తున్నాయి, నీడ మాత్రం వాటితో పాటు లేవడం లేదు. మార్చి నుంచి జూన్ దాకా పడమటి గోడ కాలిపోతుంటే పదేళ్ళు ఆగమని ఎవరికి చెప్పగలం? అయితే ఆ ప్రశ్నలో ఒక లోపం ఉంది. వేగం అనేది చెట్టు తన వెంట తెచ్చుకునే గుణమనీ, ఎక్కడ నాటినా అదే వేగంతో పెరుగుతుందనీ అందులో ఒక నమ్మకం దాగి ఉంది. నిజానికి చెట్టు వేగం దాని జాతి మీద ఎంత ఆధారపడుతుందో, అది నిలబడిన చోట ఏడాది పొడవునా ఎండ, వాన, చలి ఏ క్రమంలో వస్తాయన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. ఆ రెండూ కలిశాయో లేదో చెప్పే తేలికైన గుర్తు ఒకటుంది. ఆ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది, ఏ నెలలో చిగురిస్తుంది అన్నదే ఆ గుర్తు. ఏడాదికి ఎన్ని అడుగులు పెరుగుతుందో అడిగే ముందు ఈ సంగతి అడగాలన్నది ఈ అధ్యాయం వాదన.

వేగానికి మారుపేరు: పాప్లర్

ఈ వాదనను పరీక్షించడానికి పాప్లర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. తొందరగా పెరిగే, ఆకు రాల్చే చెట్టు అని ఎక్కడ వెతికినా ముందు తగిలేది అదే. మనం ఆ చెట్టును చూసి ఉండకపోవచ్చు గానీ దాని చెక్కను ముట్టుకోని ఇల్లు నాగోల్‌లో ఉండదు. అల్మరాలకు వాడే ప్లైవుడ్‌లో అది ఉంటుంది, అగ్గిపుల్లల్లో ఉంటుంది, ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల సందుల్లో పిల్లలు ఆడే చవక బ్యాట్లలోనూ ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా పెంచే రకం ఉత్తర అమెరికా నుంచి వచ్చింది. డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన తల్లిదండ్రులు వేసవి మొదట్లో వాగుల పక్కన దూదిపింజలు గాలిలో తేలడం చూసే ఉంటారు. అక్కడివాళ్ళు కాటన్‌వుడ్ అని పిలిచే ఆ చెట్టు ఇదే. 1980లలో అగ్గిపెట్టెల కంపెనీ విమ్కో ఉత్తరాది రైతుల చేత దీన్ని పెద్ద ఎత్తున నాటించింది. ఇప్పుడు పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ తరాయి పొలాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళలో కోతకు వస్తుంది. ఆ కలప చుట్టూ హర్యానాలోని యమునానగర్ ఒక ప్లైవుడ్ పట్టణంగా ఎదిగింది. ఈ కథ విన్న ఎవరికైనా ఆ మొక్క మనకెందుకు వద్దు అనిపించడం న్యాయమే.

ఆ సంగతికి వచ్చే ముందు చెట్టును గుర్తు పట్టడం నేర్చుకోవాలి. ఎందుకంటే ఆన్‌లైన్‌లో పాప్లర్ పేరుతో వచ్చే మొక్క పాప్లరేనన్న భరోసా లేదు. ఆకు దాదాపు త్రిభుజంలా ఉంటుంది. అడుగు వెడల్పు, కొస సన్నం, అంచు పొడవునా గుండ్రటి చిన్న పళ్ళు. అసలు పరీక్ష ఆకులో కాదు, తొడిమలో ఉంది. తొడిమను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించి చూడండి. ఆకు దగ్గర అది గుండ్రంగా ఉండదు, పక్కల నుంచి నొక్కినట్టు బద్దలా ఉంటుంది, అందువల్ల వేళ్ళ మధ్య సరిగా దొర్లదు. చిన్న గాలికే పాప్లర్ ఆకులన్నీ గలగలలాడటానికి కారణం ఈ బద్ద తొడిమే. ఆకు తుంచితే పాలు కారవు. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. దూది రాలేది ఆడచెట్టు నుంచే. కశ్మీర్‌లో రష్యన్ పాప్లర్ అనే పేరుతో నాటిన ఆడచెట్ల దూది జనాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందంటే, 2015లో వాటిని కొట్టేయమని హైకోర్టు దాకా వెళ్ళి ఆదేశం తెచ్చుకున్నారు.

మన దగ్గర ఈ ఆకును చూసి పొరపడేది రెండు చెట్ల విషయంలో. మొదటిది రావి. దాని ఆకూ చిన్న గాలికి ఆడుతుంది, కానీ కొస పొడవాటి తోకలా సాగి ఉంటుంది, తుంచితే తెల్లటి పాలు వస్తాయి. రెండోది గంగరావి. ఆకు హృదయాకారంలో ఉంటుంది గానీ తోక ఉండదు, పాలు రావు. పొద్దున పసుపుగా విచ్చిన పువ్వు సాయంత్రానికి ఎర్రబారుతుంది. ఏడాదంతా ఆకుతోనే ఉంటుంది కాబట్టి చలికాలంలో ఒక్కసారి చూస్తే అనుమానం తీరిపోతుంది. తోక, పాలు, తొడిమ: ఈ మూడూ చూసుకుంటే పాప్లర్ పేరుతో రావి మొక్క ఇంటికి రాదు. ప్రహరీ పక్కన నాటిన రావి పునాదిలోకి వేరు దించితే ఏమవుతుందో పాత ఇళ్ళ గోడలు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పంజాబ్ ఏడాది, నాగోల్ ఏడాది

పంజాబ్‌లో పాప్లర్ ఎందుకంత వేగంగా పెరుగుతుంది? జవాబు ఆ చెట్టు పంచాంగంలో ఉంది. అక్కడ నవంబరు, డిసెంబరులలో చలి ముదరగానే ఆకంతా రాల్చి నిద్రపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతు గోధుమ విత్తుతాడు. చెట్ల కింద నీడ లేదు కాబట్టి పైరుకు ఎండ దక్కుతుంది. మార్చిలో చెట్టు చిగురించి నీడ ముదిరేసరికి గోధుమ గింజ పట్టే దశకు వచ్చేస్తుంది. తర్వాత ఎండాకాలమంతా చెట్టుదే. అక్కడ జూన్‌లో పగలు 14 గంటలు ఉంటుంది. కాలువ నీరో గొట్టపు బావి నీరో అందుతూనే ఉంటుంది. కింద లోతైన ఒండ్రు నేల. చలితో పూర్తి నిద్ర, పొడవైన పగళ్ళు, కరువు లేని వేసవి నీరు, వేరు దిగడానికి లోతు: ఈ నాలుగూ కలిస్తేనే ఆరేళ్ళ కోత సాధ్యమైంది. అందుకే మన దేశంలో ఈ చెట్టును ఇంచుమించు 28 డిగ్రీల అక్షాంశానికి ఎగువనే నాటమంటారు.

నాగోల్ ఉన్నది 17 డిగ్రీల చిల్లర దగ్గర. ఇక్కడ డిసెంబరు రాత్రులు చల్లగానే ఉంటాయి గానీ పాప్లర్ నిద్ర తీరేంత చలి కాదు. జూన్‌లో అతి పొడవైన పగలు కూడా 13 గంటల పైన కొన్ని నిమిషాలే. పగలు కుదించుకుపోతే ఈ జాతి చెట్లు మొగ్గ ముడుచుకుని పెరుగుదల ఆపేస్తాయి. మన నేల చాలా చోట్ల ఎర్ర చల్కా. రెండు మూడు అడుగులు తవ్వితే మొరం, దాని కింద రాయి. వానలో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఇంకో ఇబ్బంది నాట్ల దగ్గరే ఉంది. ఉత్తరాదిన జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మనిషికి రెండింతలకు మించి ఎదిగిన ఏడాది పాప్లర్ మొక్కను ఆకు లేకుండా మూడడుగుల గుంతలో దించుతారు. మనకు ఆ నెలల తర్వాత వచ్చేది నాలుగు నెలల ఎండ. అంటే అది చిగురు వేసి నీళ్ళు అడిగే వేళకు మన బోరు అడుగంటుతూ ఉంటుంది.

మన ప్రాంతపు చెట్లు ఆకు రాల్చేది చలికి కాదు, నీటి కరువుకు. ఆరు ఋతువుల లెక్కలో ఆకు రాలే శిశిరం మాఘ ఫాల్గుణాల్లో పడటం ఈ అనుభవానికి సరిపోతుంది. వానాకాలపు తేమ నేలలో అయిపోయాక, ఎండ ముదిరే ముందు, ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకోవడం ఇక్కడి చెట్టు తెలివి. ఉగాది నాటికి వేప పూతకు రావడం, కానుగ లేత ఆకుపచ్చగా మెరవడం ఆ తెలివికి ఫలితాలు. పాప్లర్ రాల్చే కాలం మార్గశిరం, అదీ చలి చెబితేనే. ఆ మాట చెప్పేంత చలి లేని చోట అది పూర్తిగా నిద్రపోదు, పూర్తిగా మేలుకోదు.

‘కానీ నాటితే బతుకుతుంది కదా’ అని కొందరు అడుగుతారు. బతకవచ్చు. నీళ్ళు పోస్తూ ఉంటే కొన్నేళ్ళు ఆకు కూడా వేయవచ్చు. అయితే బతకడం వేరు, వేగంగా పెరగడం వేరు. వేగం కోసమే తెచ్చిన చెట్టు వేగం చూపకపోతే అది మన వేప కంటే ఏ విషయంలో మెరుగు? ఇంకొందరు మరో పదునైన ప్రశ్న వేస్తారు: ‘నాగోల్ పక్కనే మూసీ ఉంది, ఏడాదంతా నీరు పారుతుంది, రోజుకు 17 కోట్ల లీటర్ల పైగా మురుగును శుద్ధి చేసే కేంద్రం కూడా ఇక్కడే ఉంది, నీటికి కొదవేముంది?’ నీటి విషయంలో ఈ మాట నిజమే. మూసీ పొడవునా గేదెల కోసం పారా గడ్డి పెంచుతున్నది ఆ నీటితోనే. శుద్ధి చేసిన నీటిని చెట్లకు వాడటం మంచి ఆలోచన కూడా. కానీ పైన చెప్పిన నాలుగింటిలో నీరు ఒకటి మాత్రమే. చలి, పగటి పొడవు పైపుల్లో రావు. అంత నీరు పెట్టగలిగినప్పుడు దాన్ని మన పంచాంగానికి సరిపోయే చెట్టుకే పెడితే ప్రతి లీటరుకూ ఎక్కువ నీడ దక్కుతుంది.

మన నేల మీద ఆ పని చేసే చెట్లు

పాప్లర్‌లో మనం వెతికే గుణాలను విడదీసి చూస్తే దారి తేలికవుతుంది. వేగం, తేలికైన చెక్క, ఏడాదిలో కొంతకాలం ఆకు లేకపోవడం, దూది: ఈ నాలుగూ ఉన్న చెట్టు తెలుగు నేల మీద ఎప్పటి నుంచో ఉంది. అదే బూరుగు. లేత మాను మీద బొడిపెల్లాంటి ముళ్ళు, చాచిన అరచేతిలా అయిదు నుంచి ఏడు రెక్కలున్న ఆకు, నిటారు కాండం నుంచి అంతస్తులుగా పక్కలకు సాగే కొమ్మలు దాని గుర్తులు. చలికాలంలో ఆకు రాల్చి, బోసి కొమ్మల మీద ఎర్రటి పెద్ద పువ్వులు పూస్తుంది. ఎండాకాలంలో కాయలు పగిలి, దిండ్లలో నింపే దూది బయటికి వస్తుంది. అగ్గిపుల్లలకూ ప్యాకింగ్ పెట్టెలకూ ప్లైవుడ్‌కూ దాని చెక్కను వాడుతూనే ఉన్నారు. ఇది పార్కు చెట్టు, చెరువు గట్టు చెట్టు. రెండొందల గజాల ఇంటికి మాత్రం కాదు. చుట్టూ కనీసం ముప్పై అడుగుల ఖాళీ లేని చోట, మనుషులు నడిచే దారి మీద, దాన్ని పెట్టకూడదు. ఆ బరువైన పువ్వులు, విరిగే కొమ్మలు, మాను మొదట్లో బద్దల్లా ఉబ్బే వేళ్ళు చోటు అడుగుతాయి.

కలప కోసం చూసేవాళ్ళకు పాప్లర్‌కు సరైన బదులు మలబార్ వేప. ప్లైవుడ్ కంపెనీలు దక్షిణాదిన దీని మీద ఆధారపడటం పెరిగింది. చలికాలంలో కొద్దికాలం ఆకు రాల్చి, వేసవి మొదలయ్యే నాటికి చిగురిస్తుంది. నీరు, లోతైన నేల దొరికితే రెండు మూడేళ్ళలోనే రెండంతస్తుల మేడ ఎత్తుకు చేరుతుంది. ఇక్కడా గుర్తింపు అవసరమే, ఎందుకంటే వేప పేరుతో మూడు చెట్లు తిరుగుతున్నాయి. మామూలు వేప రెమ్మ మీద ఆకులు ఒకే వరసగా ఈనెకు రెండు పక్కలా ఉంటాయి. మలబార్ వేపలో ఈనె నుంచి ఈనెలు చీలి, ఆకు రెండు మూడు విడతలుగా విడిపోతుంది. కాయ కూడా వేపకాయ కంటే బాగా పెద్దది. తురక వేప ఆకూ అలాగే చీలుతుంది గానీ దాని పూత ఊదారంగులో ఉంటుంది, కాయలు చిన్న గోలీల్లా గుండ్రంగా ఉంటాయి. మలబార్ వేప గింజ పెంకు గట్టిది, మొలక తక్కువ. అందుకని గింజలు కొని కాలం పోగొట్టుకోవడం కంటే నమ్మకమైన చోట మొక్క తెచ్చుకోవడం మేలు. నగర శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రకాల గురించి వ్యాపార ప్రకటనల కంటే ముందు వాళ్ళను అడగడం మంచిది.

ఇంటి ముందు నీడ కోసమైతే లెక్క మారుతుంది. ఇక్కడే ఆకు రాలే నెల అన్న కొలమానం బాగా పనికొస్తుంది. మనకు నీడ కావలసింది మార్చి చివర నుంచి జూన్ దాకా. ఆ నెలల్లో బోసిగా నిలబడే చెట్టు ఎంత తొందరగా పెరిగినా మన పని చేయదు. రేల చెట్టు పసుపు పచ్చ గుత్తులతో కన్నుల పండుగే గానీ ఏప్రిల్, మే నెలల్లో దాని కింద నిలబడితే ఎండ తప్పదు. వేప మాఘ ఫాల్గుణాల్లో రాల్చి ఉగాదికల్లా మళ్ళీ ఆకు కట్టేస్తుంది. కానుగ కూడా వసంతంలో ఆకు మార్చుకుని, అసలైన ఎండలకు గొడుగులా నిండుతుంది. ఈ రెండూ మొదటి ఏడాది మెల్లగానే కనిపిస్తాయి. అప్పుడు వేరు కిందికి దిగుతూ ఉంటుంది. మూడో ఏడాది నుంచి పుంజుకుంటాయి. వేగాన్ని ఏడాదికి ఎన్ని అడుగులు అని కాకుండా ఏడాదికి ఎన్ని రోజుల వేసవి నీడ అని కొలిస్తే, వేప, కానుగలను మించేది నాగోల్‌లో కష్టం.

వేగానికి ధర ఉంది

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ‘ఆకు రాల్చే గొడవే లేకుండా ఏడాదంతా పచ్చగా ఉండి, నిజంగానే తొందరగా పెరిగే సుబాబుల్, యూకలిప్టస్, కోనోకార్పస్ ఉండగా ఇదంతా ఎందుకు?’ ఎండాకాలంలో ఆకు ఉంచుకునే చెట్టు ఆ నీటిని ఎక్కడి నుంచో తేవాలి, దీనికి మినహాయింపు లేదు. 1980లలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో సుబాబుల్ వరసల మధ్య పంటలు వేసి చూశారు. ఆకు ఎరువుగా పనికొస్తుంది, మేత దొరుకుతుంది, పంటకూ మేలు జరుగుతుందని ఆశ. తీరా చూస్తే చెట్ల వేళ్ళు పంటతో నీటికి పోటీపడ్డాయి, వరసల పక్కన పైరు దెబ్బతింది. వానలు బాగా పడే చోట విజయవంతమైన పద్ధతి మన మెట్ట నేలలో ఎందుకు తడబడిందో దానితో అర్థమైంది. కోనోకార్పస్ కథ ఇంకా దగ్గరిది. 2015లో మొదలైన హరితహారం కాలంలో రోడ్ల మధ్య, డివైడర్ల మీద గుబురుగా లేచింది. తర్వాత దాని వేళ్ళ గురించీ పుప్పొడి గురించీ ఫిర్యాదులు పెరిగి, మన దగ్గరా నాటడం మానుకున్నారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం ఏకంగా నిషేధించింది. ఏడాదంతా పచ్చగా ఉండటం లాభమా నష్టమా అన్నది ఆ నీటి బిల్లు ఎవరు కడుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. కాలనీలో ఆ బిల్లు కట్టేది అందరూ పంచుకునే భూగర్భ జలమే.

రెండో ధర బలం. తొందరగా పోగైన చెక్క సాధారణంగా తేలిక, గాలికి లొంగుతుంది. పొగడ్తలతో ముంచెత్తడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటున్నామంటే, వేగంగా పెరిగే చెట్టు కొమ్మ మీద మనవాళ్ళకు ఎంత నమ్మకముందో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల గాలివానలకు నగరంలో ముందు కూలేవి చాలాసార్లు తురాయి, పచ్చ తురాయిలే. అందంగా, త్వరగా ఎదుగుతాయని రోడ్ల పక్కన నాటినవే ఇవి. కాబట్టి వేగమైన చెట్టును ఎంచుకుంటే దానికి వైర్ల కింద కాకుండా, కారు నిలిపే చోట కాకుండా, గాలి దెబ్బ తగలని చోటు ముందే చూసిపెట్టాలి. పెరిగాక కొట్టేద్దామంటే అంత తేలిక కాదు. 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. చెట్టు విషయంలో తప్పును దిద్దుకునే ఖర్చు నాటే ఖర్చు కంటే ఎన్నో రెట్లు. అందుకే ఆలోచనకు వెచ్చించే సమయాన్ని తొందరలో ఆదా చేయకూడదు.

మూడో అభ్యంతరం చీపురుది. ఆకు రాలితే వాకిలి ఊడవాలి, పక్కింటివాళ్ళు విసుక్కుంటారు, డ్రైనేజీ మూసుకుపోతుంది. ఈ ఫిర్యాదు అబద్ధం కాదు. అయితే ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు కూడా ఆకు రాలుస్తూనే ఉంటుంది, రోజూ కొంచెం కొంచెంగా. ఆకు రాల్చే చెట్టు ఆ పనంతా రెండు మూడు వారాల్లో ముగిస్తుంది. ఆ ఆకును తగలబెట్టకుండా చెట్టు పాదులో నాలుగు అంగుళాల మందాన పరిస్తే వేసవి తేమ ఆరిపోదు, వాన రాగానే అదే ఎరువవుతుంది. నీటి ఖర్చు తగ్గించడానికి చెట్టు ఆకు రాలుస్తుంది, ఆ ఆకే నేలకు కప్పుగా పడి మిగిలిన నీటిని కాపాడుతుంది. దాన్ని ఊడ్చి చెత్తబండికి ఇచ్చి, ఆ తర్వాత పైపుతో నీళ్ళు పోయడం రెండుసార్లు నష్టపోవడమే.

నాటడం, పెంచడం

మన ఏడాదికి సరిపోయే చెట్టును ఎంచుకున్నాక వేగాన్ని పెంచే పని మన చేతుల్లోకి వస్తుంది. అది మొక్క కొనకముందే, మే నెలలో గుంతతో మొదలవుతుంది. మెత్తటి నేలలో రెండడుగులు, మొరం తగిలే చోట మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి, రెండు మూడు వారాలు ఎండనివ్వాలి. పై మట్టిని విడిగా పోసి ఉంచుకుని, దానికి బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి తిరిగి నింపాలి. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు ముక్కలు, ఇసుక, రంగు డబ్బాలు కొత్త కాలనీల్లో చాలా గుంతల్లో తేలతాయి. వాటిని ఏరేయకుండా ఎంత ఎరువు వేసినా లాభం లేదు. గోడకు, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు వేపైనా కానుగైనా కనీసం పది పన్నెండు అడుగుల దూరం ఉండాలి. మూసీ దిగువన, 2020 అక్టోబరు వరదల్లో నీరు నిలిచిన కాలనీల్లో, గుంత చుట్టూ మట్టి ఎత్తుచేసి నాటితే వేరు కుళ్ళదు.

మొక్కను నాటాల్సింది జూన్ చివర్లో, నేల అడుగు లోతు తడిసే వాన పడ్డాక. నర్సరీలో ఎత్తు చూసి మోసపోవద్దు. కవరు అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే, ఆ మొక్క ఎంత పొడవున్నా నేలలో చాలాకాలం అలాగే ఆగిపోతుంది. మోకాలి ఎత్తున, కాండం దృఢంగా, వేరు నిటారుగా ఉన్న మొక్క మూడేళ్ళలో దాన్ని దాటిపోతుంది. కవరు పూర్తిగా తీసేసి, మట్టి ముద్ద చెదరకుండా దించి, కర్ర పాతి వదులుగా కట్టాలి. ఇక నీరు. రోజూ చెంబెడు పోయడం చాలామంది అలవాటు. దానివల్ల వేళ్ళు పైపైనే తిరుగుతాయి, మే నెల వేడి తగలగానే మొక్క వాడిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, పాదు నిండి లోతుకు ఇంకేలా బకెట్లతో పోస్తే వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. మొదటి రెండు వేసవులు ఇలా కాపాడితే మూడోదాన్ని చెట్టే దాటుకుంటుంది. పక్క కొమ్మల్ని ఆకు లేని రోజుల్లో, చిగురు రాకముందే కత్తిరించాలి. అప్పుడు కాండం రూపం స్పష్టంగా కనిపిస్తుంది, గాయం కొత్త చిగురుతో పాటే మానుతుంది.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కుటుంబాల్లో చాలామందికి విజయవాడ రోడ్డు మీదో సాగర్ రోడ్డు మీదో కొంత స్థలమో ఫామ్ ప్లాటో ఉంటుంది. వేగంగా పెరిగే చెట్టుతో ఆదాయం అన్న మాట వాళ్ళ చెవిలో తరచూ పడుతుంది. ఉత్తరాదిన పాప్లర్ లాభం తెచ్చిందంటే కారణం చెట్టు ఒక్కటే కాదు. పక్కనే కొనే ఫ్యాక్టరీలు ఉన్నాయి, వరసల మధ్య గోధుమ ఉంది, కాలువ నీరు ఉంది. మలబార్ వేపకూ అదే సూత్రం. మొక్కలు నాటకముందే ఏ ఫ్యాక్టరీ ఎంత లావు దుంగ కొంటుందో, రవాణా ఎవరిదో కాగితం మీద తేల్చుకోవాలి. మొదటి రెండు మూడేళ్ళు, నీడ ముదరకముందే, వరసల మధ్య కందో పెసరో వేసుకోవాలి. మెట్ట నేలలో ఏ చెట్టుతో ఏ పంట పొసగుతుందో అడగాలంటే దూరం పోనక్కర్లేదు. కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా మన సంతోష్‌నగర్‌లోనే ఉంది, దాని పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో ఎర్ర నేల మీదే ఉంది. హామీ ఇచ్చే దళారీ కంటే అదే నేల మీద ఏళ్ళ తరబడి పైర్లు చూసినవాళ్ళ మాట విలువైనది.

కాబట్టి ఈసారి నర్సరీకి వెళ్ళినప్పుడు ప్రశ్నల వరస మార్చండి. ఈ చెట్టు ఏ నెలలో బోసిపోతుంది? మనకు నీడ కావలసిన నెలల్లో ఆకు ఉంటుందా? వాననీటితో రెండేళ్ళ తర్వాత తన కాళ్ళ మీద నిలబడుతుందా? విరిగితే ఎక్కడ పడుతుంది? ఈ నాలుగింటికీ సరైన జవాబు దొరికాకే వేగం గురించి అడగండి. అప్పటికి మిగిలే జాబితా చిన్నదే: పార్కుకు బూరుగు, పొలానికి మలబార్ వేప, ఇంటికి వేప లేదా కానుగ. పాప్లర్ చెడ్డ చెట్టు కాదు, దాని ఏడాది వేరు. ఇంకొకరి నేల మీద ఫలించిన నిర్ణయాన్ని మన నేల మీదికి తెచ్చుకునే ముందు, అది అక్కడ ఎందుకు ఫలించిందో విడదీసి చూడటం చెట్టుకే కాదు, చదువుకూ వ్యాపారానికీ కూడా పనికొచ్చే అలవాటు. దాన్ని చెట్టుతో మొదలుపెట్టడం చవక. మే నెలలో ఒక గుంత తవ్వండి, జూన్ చివర్లో ఒక మొక్క దించండి.